గురక ఒకటే, వైరస్‌లు ఆరు: కోళ్ల శ్వాసకోశ జబ్బులకు సత్వర జన్యు పరీక్షలు

కోళ్ల ఫారంలో జబ్బు కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. రాత్రి లైట్లు ఆర్పేశాక షెడ్డు మధ్యలో రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే, ఆరోగ్యంగా ఉన్న బ్యాచ్‌ నుంచి దాదాపు ఏ చప్పుడూ రాదు. ఏదో మూల నుంచి సన్నగా గురక, మధ్యమధ్య తుమ్ము వినిపించిందంటే సూపర్‌వైజర్‌కు ఫోన్ వెళ్తుంది. ఆ ఫోన్‌తో మొదలయ్యే ప్రశ్న ఒక్కటే: ఇది ఏ జబ్బు?

ఆ గురక వెనుక ఉండగల వైరస్‌లు ప్రధానంగా ఆరు. కొక్కెర తెగులు, ఐబీ అని పిలిచే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్, ఐఎల్‌టీ అని పిలిచే ఇన్ఫెక్షియస్ లారింగోట్రాకియైటిస్, మెటాన్యుమోవైరస్, హెచ్9ఎన్2 రకం ఫ్లూ, హెచ్5 రకం బర్డ్ ఫ్లూ. వీటికి తోడు సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బు) తెచ్చే మైకోప్లాస్మా, కొరైజా, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాలు. తొలి రెండు మూడు రోజుల్లో వీటిని కంటితో విడదీయడం కష్టం. చేయాల్సిన పని మాత్రం జబ్బును బట్టి పూర్తిగా మారిపోతుంది. ఐబీ అయితే షెడ్డుకు గాలి బాగా ఆడేలా చూసి, వెంట వచ్చే బ్యాక్టీరియాకు మందు వేసి బ్యాచ్‌ను గట్టెక్కించవచ్చు. కొక్కెర తెగులైతే టీకా ఎక్కడ తప్పిందో వెతకాలి. హెచ్5 అయితే చుట్టూ కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి.

జవాబు త్వరగా కావాలన్న దానిపై ఎవరికీ పేచీ లేదు. పరీక్ష ఎక్కడ చేయాలి, ఎవరు చేయాలి, ఎవరి మాట చెల్లాలి అన్న దగ్గరే చర్చ చిక్కుబడింది.

శంషాబాద్ నుంచి చూస్తే

ఈ చిక్కును శంషాబాద్ పరిసరాల్లో నిలబడి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. 2008 మార్చిలో మొదలైన అంతర్జాతీయ విమానాశ్రయం ఒక పక్క. దానికి కాస్త ఉత్తరాన రాజేంద్రనగర్‌లో, వనరాజా, గ్రామప్రియ కోళ్లను అభివృద్ధి చేసిన ఐసీఏఆర్ కోళ్ల పరిశోధనా సంస్థ, పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం. అత్తాపూర్‌లో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల. చేవెళ్ల, షాద్‌నగర్, మొయినాబాద్ దారుల వెంట కోళ్ల షెడ్లు. శీతాకాలంలో వలస పక్షులు దిగే హిమాయత్‌సాగర్ కూడా పక్కనే.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో ఉన్న కోళ్లు దాదాపు 8 కోట్లు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తర్వాత దేశంలో మూడో స్థానం. బర్డ్ ఫ్లూ కూడా ఈ చుట్టుపక్కలే రెండుసార్లు బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో హెచ్5ఎన్1 తేలి, లక్షకు పైగా కోళ్లను చంపాల్సి వచ్చింది. పదేళ్లకు, 2025 ఏప్రిల్‌లో, పండ్ల మార్కెట్‌ వల్ల అందరికీ తెలిసిన బాటసింగారంలో మళ్లీ అదే జబ్బు.

అంటే జన్యు పరీక్ష తెలిసిన శాస్త్రవేత్తలు ఫారానికి అరగంట, గంట దూరంలోనే ఉన్నారు. అయినా ‘ఇది బర్డ్ ఫ్లూ’ అని అధికారికంగా చెప్పే చోటు రోడ్డు మీద సుమారు 850 కిలోమీటర్ల దూరంలో ఉంది. అది భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ. దాన్నే నిషాద్ అంటారు. ఈ దూరం మంచిదా, చెడ్డదా అన్నదే చర్చలో సగం.

చర్చ ఇక్కడిదాకా వచ్చిన దారి

కొక్కెర తెగులు 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, జావా దీవిలో నమోదైంది. ఆ వెంటనే మన దేశంలో రాణిఖేత్‌లో కనిపించింది. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అన్న పేరు అలా వచ్చింది. ఐబీని 1931లో అమెరికాలో గుర్తించారు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు నిర్ధారణ అంటే గుడ్డే. తొమ్మిది నుంచి పదకొండు రోజుల పిండం ఉన్న గుడ్డులోకి నమూనా ఎక్కించి, వైరస్ పెరిగే దాకా రోజుల తరబడి ఎదురుచూడాలి. ఒక విడతలో తేలకపోతే రెండో విడత. ఫలితం వచ్చేసరికి బ్రాయిలర్ బ్యాచ్ మార్కెట్‌కైనా వెళ్లేది, గోతిలోకైనా వెళ్లేది.

1983లో వచ్చిన పీసీఆర్ ఈ లెక్కను మార్చింది. వైరస్‌ను పెంచక్కర్లేదు, దాని జన్యు పదార్థంలో ఒక ముక్కను లక్షల రెట్లు పెంచి చూస్తే చాలు. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ల్యాంప్ పద్ధతిని ప్రకటించారు. పీసీఆర్ యంత్రంలా వేడి పెంచుతూ తగ్గిస్తూ పోనక్కర్లేకుండా, 60 నుంచి 65 డిగ్రీల నిలకడ వేడి మీద గంటలోపే పని పూర్తవుతుంది. 2002లో బర్డ్ ఫ్లూ వైరస్‌కు రియల్‌టైమ్ పీసీఆర్ వచ్చింది.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే తొలిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. అప్పటి నుంచి బర్డ్ ఫ్లూ విషయంలో తుది మాట భోపాల్‌దే. కొక్కెర తెగులు, ఐబీల దగ్గర అలాంటి కట్టుబాటు లేదు. కాబట్టి వాటి పరీక్షలు పెద్ద కంపెనీల ప్రయోగశాలల్లోకీ ప్రైవేటు ల్యాబుల్లోకీ వచ్చేశాయి. ఇలా పరీక్షలకు రెండు దారులు ఏర్పడ్డాయి.

2020లో కోవిడ్ వచ్చి ఆర్‌టీపీసీఆర్ అన్న మాటను ప్రతి ఊరికీ చేర్చింది. సీసీఎంబీ రూపొందించిన పొడి స్వాబ్ పద్ధతికి ఆ ఏడాది నవంబరులో ఐసీఎంఆర్ ఆమోదం దొరికింది. స్వాబ్‌ను ద్రావణంలో ముంచి పంపడం, ఆర్‌ఎన్‌ఏను విడిగా తీయడం అనే రెండు మెట్లను అది తొలగించింది. గోవాలో తయారయ్యే చిన్న ట్రూనాట్ యంత్రాలు చిన్న ఆసుపత్రుల్లోకి వెళ్లాయి. మనిషికి పీహెచ్‌సీలోనే చేయగలిగినప్పుడు కోడికి ఫారం దగ్గర ఎందుకు చేయలేమన్న ప్రశ్న అక్కడి నుంచి బలపడింది.

ఒక స్వాబ్ వెంట వెళ్తే

వేగం ఎక్కడ పోతుందో తెలియాలంటే ఒక నమూనా ప్రయాణాన్ని దగ్గరి నుంచి చూడాలి. ఒకరు కోడిని చంకలో అదిమి పట్టుకుని ముక్కు తెరుస్తారు. ఇంకొకరు నాలుక వెనుక, కోడి ఊపిరి తీసినప్పుడు తెరుచుకునే చిన్న రంధ్రం కోసం చూసి, అది తెరుచుకున్న క్షణంలో సన్నని స్వాబ్‌ను శ్వాసనాళంలోకి దించి, తిప్పి తీస్తారు. రెట్ట దారి నుంచి మరో స్వాబ్. అయిదు కోళ్ల స్వాబులు ఒకే గొట్టంలో వేయడం మామూలు. గొట్టం మీద ఫారం పేరు, షెడ్డు నంబరు, వయసు, ఇచ్చిన టీకాలు. తర్వాత ఐస్ బాక్స్. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఐస్ కరిగితే ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. అప్పుడు ఎంత గొప్ప యంత్రమైనా ‘లేదు’ అనే చెబుతుంది.

ఎన్ని కోళ్లను పట్టాలన్నది రెండో మాట. షెడ్డులో నూటికి అయిదు కోళ్లకు వైరస్ ఉంటే, కనీసం ఒకదాన్నయినా 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే దాదాపు 60 కోళ్ల నుంచి స్వాబులు తీయాలి. నూటికి ఒకటే ఉంటే 300. అయిదారు కోళ్లను చూసి ‘ఏమీ లేదు’ అనుకోవడం పరీక్ష చేసిన తప్పు కాదు, లెక్క చేసిన తప్పు. చచ్చిన కోళ్ల నుంచి నమూనాలు తీస్తే ఈ భారం బాగా తగ్గుతుంది.

ల్యాబులో ఆర్‌ఎన్‌ఏ తీయడం నుంచి ఫలితం దాకా మూడు నాలుగు గంటలు. మిగతా సమయమంతా దానికి ముందూ వెనకా పోయేదే.

పద్ధతుల పోలిక

— గుడ్డులో వైరస్ పెంపకం: అత్యంత నిదానం, రోజులు పడుతుంది. వైరస్ బతికే ఉందని చెప్పేదీ, టీకా తయారీకి విత్తనం ఇచ్చేదీ ఇదే. హెచ్5 అనుమానం ఉంటే ఉన్నత భద్రత ఉన్న ల్యాబులోనే చేయాలి.

— యాంటిజెన్ కిట్: పావుగంటలో గీత పడుతుంది, కరెంటు అక్కర్లేదు. వైరస్ తక్కువగా ఉంటే పట్టలేదు. చచ్చిన కోళ్ల మీద మెరుగ్గా పనిచేస్తుంది. గీత పడితే నమ్మవచ్చు, పడకపోతే భరోసా లేదు.

— రియల్‌టైమ్ పీసీఆర్: నేటి కొలబద్ద. రెండు మూడు వైరస్‌లను ఒకే గొట్టంలో విడదీయగలదు. ఎంత వైరస్ ఉందో సీటీ విలువ ద్వారా అంచనా ఇస్తుంది. యంత్రం, శిక్షణ, నిలకడైన కరెంటు కావాలి.

— ల్యాంప్, ఆర్‌పీఏ లాంటి నిలకడ వేడి పద్ధతులు: ఫారం దగ్గరకు తీసుకెళ్లడానికి అనువైనవి. ఆర్‌పీఏకు 37 నుంచి 42 డిగ్రీలే చాలు. అయితే ఒకసారి పెరిగిన జన్యు ముక్కలు గాలిలో కలిస్తే తర్వాతి గొట్టాలన్నీ ‘ఉంది’ అనే ప్రమాదం ఉంది. గొట్టం మూత తెరవకుండానే రంగు చూసే ఏర్పాటు లేకపోతే నమ్మకం పోతుంది.

— జన్యు క్రమం చదవడం: అరచేతిలో పట్టే నానోపోర్ పరికరాలు వచ్చాయి. ఏ రకం, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది చెప్పగలిగేది ఇదొక్కటే. ఖర్చు, విశ్లేషణ నైపుణ్యం ఎక్కువ.

మూడు వాదాలు

మొదటి వాదం ‘ఫారం గేటు దగ్గరే తేల్చాలి’ అంటుంది. పెద్ద ఇంటిగ్రేషన్ సంస్థల్లో, ఫీల్డు డాక్టర్లలో దీనికి బలం ఎక్కువ. వీరి వాదన ఆర్థికమైనది. బ్రాయిలర్ జీవితమే ఆరు వారాల లోపు. అందులో మూడు రోజులు ఎదురుచూపుకే పోతే చికిత్సకు మిగిలేది తక్కువ. ఈ లోపు ‘ఏదైతే అదవనీ’ అని యాంటీబయోటిక్ నీళ్లలో కలిపేస్తారు. వైరస్‌కు యాంటీబయోటిక్ పనిచేయదని అందరికీ తెలుసు. అయినా జవాబు లేనప్పుడు చేతిలో ఉన్నదే మందు. సత్వర పరీక్ష వస్తే ఈ వృథా వాడకం తగ్గుతుందన్నది వీరి గట్టి పాయింటు.

రెండో వాదం ‘తుది మాట కేంద్ర ల్యాబుదే కావాలి’ అంటుంది. ప్రభుత్వ విధానం ఇదే. దక్షిణాది రాష్ట్రాలకు బెంగళూరులోని ప్రాంతీయ ల్యాబు ప్రాథమిక పరీక్షలు చేస్తుంది, బర్డ్ ఫ్లూ ధ్రువీకరణ భోపాల్‌ది. దీని వెనుక కారణాలు బరువైనవే. ‘బర్డ్ ఫ్లూ’ అన్న ఒక్క మాటతో కోట్ల విలువైన వ్యాపారం ఆగుతుంది, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థకు సమాచారం వెళ్తుంది, ఎగుమతులు నిలిచిపోతాయి. కలుషితమైన ఒక గొట్టం వల్ల వేల కోళ్లను చంపేశాక ‘పొరపాటైంది’ అంటే కుదరదు. పైగా ఫారాల్లో దొరికే ఫలితం గుట్టుగా ఉండిపోతుందన్న భయం. 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం జాబితాలోని జబ్బు అనుమానం ఉంటే యజమాని పంచాయతీకో గ్రామ అధికారికో చెప్పి తీరాలంటుంది. చేతిలో సొంత పరీక్ష ఉన్నవాడు చెప్పే ముందు కోళ్లను అమ్ముకోడన్న హామీ ఎక్కడ?

మూడో వాదం ‘పరీక్ష మోజు తగ్గించుకోండి’ అంటుంది. గేటు దగ్గర సున్నం తొట్టి లేదు, ఒక ఫారంలో చచ్చిన కోళ్లను ఎత్తిన బండే మరో ఫారానికి వస్తుంది, కొక్కెర తెగులుకు ఇచ్చే లసోటా టీకాను క్లోరిన్ నీళ్లలో కలిపేస్తున్నారు. ఇవి సరిచేయకుండా యంత్రాలు కొంటే ఏం లాభమన్నది వీరి ప్రశ్న. అనుభవమున్న డాక్టరు పోస్ట్‌మార్టంలో గ్రంథి జఠరంలో రక్తపు చుక్కలు, శ్వాసనాళంలో రక్తపు గడ్డలు చూసి సగం దారి తానే చెప్పగలడని వీరు గుర్తుచేస్తారు. మాటలో నిజముంది. కానీ రక్తపు చుక్కలు కొక్కెర తెగులులోనూ ఉంటాయి, బర్డ్ ఫ్లూలోనూ ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడాయే అన్నిటికన్నా కీలకమైన తేడా.

ప్రశ్న ఒకటి కాదు, మూడు

ఈ వాదాలు ఒకదాన్నొకటి ఢీకొంటున్నట్టు కనిపించినా, నిజానికి వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నాయి. గురక వినిపించిన షెడ్డు నుంచి మూడు ప్రశ్నలు పుడతాయి.

మొదటిది రైతు ప్రశ్న: ఈ బ్యాచ్‌ను ఎలా కాపాడుకోవాలి? దీనికి వందశాతం నిర్ధారణ అక్కర్లేదు. ఈ పూటే రావాలి. పోర్టబుల్ పీసీఆర్, ల్యాంప్ ఇక్కడ సరిపోతాయి.

రెండోది ఊరి ప్రశ్న: ఇది చుట్టుపక్కలకు ప్రమాదమా? ఇక్కడ ఫలితానికి చట్టబలం కావాలి. తప్పు చెబితే నష్టం పెద్దది, ఆలస్యంగా చెబితే అంతకన్నా పెద్దది. కాబట్టి రెండు మెట్లు కావాలి: అనుమానం మీద వెంటనే రాకపోకలు ఆపడం, ధ్రువీకరణ మీద కోళ్లను తీసేయడం. మొదటి మెట్టుకు స్థానిక పరీక్ష చాలు, రెండోదానికి భోపాల్.

మూడోది పరిశ్రమ ప్రశ్న: ఇది ఏ రకం, మన టీకా దీనికి సరిపోతుందా? ఐబీ వైరస్‌లో ఎస్1 జన్యువు తరచూ మారుతూ ఉంటుంది. ఒక రకానికి వేసిన టీకా ఇంకో రకాన్ని పూర్తిగా ఆపదు. దీనికి తొందర అక్కర్లేదు, లోతు కావాలి. ఫారాల నుంచి ఏడాది పొడవునా నమూనాలు తీసి, జన్యు క్రమం చదివి, అందరికీ అందుబాటులో ఉంచాలి.

మొదటి ప్రశ్నకు పనికొచ్చే కిట్‌ను రెండో ప్రశ్నకు వాడబోవడం, రెండో ప్రశ్నకు ఉన్న కట్టుబాటును మొదటిదానికీ రుద్దడం. చర్చలోని వేడి చాలావరకు ఇక్కడి నుంచే పుడుతోంది.

టీకా అనే చిక్కుముడి

జన్యు పరీక్షకు కోళ్ల ఫారంలో ఎదురయ్యే ప్రత్యేక సమస్య ఒకటుంది. ఇక్కడి కోళ్లకు కొక్కెర తెగులు, ఐబీ వైరస్‌లను మనమే ఎక్కిస్తాం. మొదటి వారంలో కంట్లో చుక్క, తర్వాత తాగే నీళ్లలో లసోటా. ఇవి బలహీనపరచిన, కానీ బతికున్న వైరస్‌లు. పది రోజుల తర్వాత స్వాబ్ తీస్తే పీసీఆర్ ‘కొక్కెర తెగులు వైరస్ ఉంది’ అంటుంది. అది అబద్ధం కాదు, టీకా వైరసే కనిపించింది.

దీన్ని విడదీసే దారి ఆ వైరస్ ఎఫ్ జన్యువులో ఉంది. ఎఫ్ ప్రోటీన్ తెగే చోట 113 నుంచి 116 దాకా ఉన్న స్థానాల్లో క్షార గుణమున్న అమైనో ఆమ్లాలు కనీసం మూడు, 117వ స్థానంలో ఫినైల్ అలనైన్ ఉంటే వైరస్ ప్రమాదకరమైనది. లసోటా లాంటి టీకా రకాల్లో ఈ వరుస ఉండదు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నిర్వచనం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. కాబట్టి కొక్కెర తెగులుకు సత్వర పరీక్ష ‘వైరస్ ఉందా’ అని అడిగితే సగం పనే, ‘ఏ వైరస్’ అని కూడా అడగాలి. కిట్ కొనేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.

హెచ్9ఎన్2 విషయంలోనూ ఇలాంటి చిక్కే మరో రూపంలో వచ్చింది. నిషాద్ రూపొందించిన హెచ్9ఎన్2 టీకా సాంకేతికతను 2022లో సికింద్రాబాద్‌లోని గ్లోబియాన్‌తో పాటు మరికొన్ని సంస్థలకు ఇచ్చారు. ఇది చంపిన వైరస్‌తో చేసే టీకా కాబట్టి స్వాబ్‌లో టీకా వైరస్ దొరికే భయం లేదు. కానీ రక్త పరీక్షలో యాంటీబాడీలు టీకావా, జబ్బువా అన్నది తేలదు. అందువల్ల ఇక మీద హెచ్9ఎన్2ను వెతకాలంటే రక్తంకన్నా జన్యు పరీక్షే దారి.

2025 చెప్పిన పాఠం

2025 ఫిబ్రవరి రెండో వారంలో పశ్చిమ, తూర్పు గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్ తేల్చింది. గోదావరి జిల్లాల్లో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోతున్న వార్తలు అంతకు ముందు నుంచే వస్తున్నాయి. తెలంగాణ తన సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల బండ్లను ఆపింది. హైదరాబాద్‌లో చికెన్ అమ్మకాలు పడిపోయాయి. బాగా ఉడికించిన మాంసం తింటే ముప్పు లేదని చెప్పడానికి పరిశ్రమ ఉచిత చికెన్ మేళాలు పెట్టాల్సి వచ్చింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో హెచ్5ఎన్1 సోకిన ఒక చిన్నారి మరణించడంతో అది కోళ్ల సమస్యగా మిగలలేదు.

తొలి మరణాల వార్తలకూ భోపాల్ నిర్ధారణకూ మధ్య పోయిన కాలంలో యంత్రం వాటా ఎంత, నమూనా కదలడంలో ఆలస్యం వాటా ఎంత? ఒక విషయం గమనించాలి. నష్టపరిహారం అధికారులు చంపిన కోళ్లకే, ముందే చచ్చినవాటికి కాదు. కాబట్టి త్వరగా చెప్పినవాడికే ఎక్కువ దక్కాలి. అయినా రైతు ఎందుకు ఆగుతాడు? పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు, షెడ్డు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో తెలియదు, పక్క ఫారాలవాళ్లు ఏమంటారోనన్న జంకు. కొక్కెర తెగులే అయి ఉంటుందన్న ఆశ. చేతిలో ఒక గంటలో తేల్చే పరీక్ష ఉన్నా ఈ నాలుగు కారణాలూ అలాగే ఉంటాయి.

ఇంకా తేలనివి

ఒకటి, ఫలితం ఎవరిది? కంపెనీ ఖర్చుతో చేసిన పరీక్ష ఫలితం కంపెనీదా, ఆ షెడ్డు ఉన్న ఊరిదా? చట్టం అనుమానాన్ని చెప్పమంటుంది. సొంత పరీక్ష ఫలితాలను క్రమంగా, పేర్లు లేకుండా ఒకచోట చేర్చే ఏర్పాటు మాత్రం బలపడలేదు.

రెండు, నమూనాను ఎలా పంపాలి? ఎఫ్‌టీఏ కార్డు అనే రసాయనం పట్టించిన కాగితం మీద స్వాబ్ అద్దితే వైరస్ చచ్చిపోతుంది, జన్యు పదార్థం మిగులుతుంది. ఐస్ బాక్స్ బెడద తగ్గుతుంది, రవాణాలో ప్రమాదమూ తగ్గుతుంది. చచ్చిన వైరస్‌తో పీసీఆర్ చేయడానికి భోపాల్ స్థాయి భద్రత అక్కర్లేదు. అలాంటప్పుడు రాజేంద్రనగర్ లాంటి చోట్ల తొలి మెట్టు పరీక్షకు అధికారం ఇవ్వవచ్చన్న వాదన బలమైనది.

మూడు, జంట జబ్బులు. ఐబీతో పాటు ఈ.కోలై, హెచ్9ఎన్2తో పాటు మైకోప్లాస్మా ఒకే కోడిలో దొరకడం మామూలే. పరీక్ష రెండింటికీ ‘ఉంది’ అంటే ఏది చంపుతోంది? సీటీ విలువ కొంత చెబుతుంది, పోస్ట్‌మార్టం ఇంకొంత చెబుతుంది. రెండూ కలిపి చదవగల డాక్టరు లేకుంటే ఫలితం అయోమయమే.

నాలుగు, పెరటి కోళ్లు. పది నాటుకోళ్లు పెంచే ఇంటికీ, సంక్రాంతి పందెం పుంజులు తిరిగే బరులకూ ఏ కంపెనీ కిట్ రాదు. ఇక్కడ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోకపోతే పెట్టేవారే లేరు.

అయిదు, హెచ్5 టీకా. మన దేశంలో అనుమతి లేదు. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తోంది. రేపు ఇక్కడా తలుపు తెరుచుకుంటే, టీకా వేసిన మందలో దాక్కున్న వైరస్‌ను పట్టుకోవడానికి జన్యు పరీక్షే ఆధారం. అప్పుడు పరీక్షల అవసరం తగ్గదు, పెరుగుతుంది.

గడియారం ఎక్కడ ఆగుతోంది

అన్ని వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక లెక్క తేలుతుంది. గురక వినిపించిన రాత్రి నుంచి నిర్ణయం అమలయ్యే దాకా పోయే కాలంలో యంత్రం తీసుకునేది మూడు నాలుగు గంటలు. దాన్ని అరగంటకు తగ్గించడం గొప్ప విజ్ఞానమే. కానీ మిగిలిన రోజులు ఫోన్ చేయడానికి జంకిన రైతు దగ్గర, ఐస్ దొరకని దారి మీద, 850 కిలోమీటర్ల అవతల ఉన్న ముద్ర దగ్గర, ఎప్పుడొస్తుందో తెలియని పరిహారం దగ్గర పోతున్నాయి.

సత్వర పరీక్షకు అర్థం తొందరగా రంగు మారే గొట్టం ఒక్కటే కాదు. శంషాబాద్ పక్కన ఒక షెడ్డులో ఈ రాత్రి గురక వినిపిస్తే, రేపు సాయంత్రానికల్లా రాజేంద్రనగర్ నుంచి ‘రాకపోకలు ఆపండి’ అనో, ‘భయం లేదు, ఇది ఐబీ’ అనో ఒక మాట రాగలగాలి. ఆ మాటకు చట్టం ముందు విలువ ఉండాలి. అది చెప్పినందుకు రైతు నష్టపోకూడదు. ఇందులో మొదటి భాగానికి శాస్త్రం ఇప్పటికే సిద్ధంగా ఉంది. మిగతా రెండూ శాస్త్రవేత్తల బల్ల మీద తేలేవి కావు.